ఆ కోడ్ అసలుదే, అడిగినవాడే దొంగ

ప్రశ్న: మేడమ్ గారూ, నమస్తే. మాది మంగళగిరి. ఇంట్లోనే ఉండి ఇన్‌స్టాగ్రామ్‌లో చేనేత చీరలు అమ్ముతుంటాను. నాలుగేళ్లు కష్టపడితే 4,200 మంది ఫాలోవర్లు వచ్చారు. పోయిన నెల ఒక రాత్రి పిల్లాడికి అన్నం పెడుతుండగా మెసేజ్ వచ్చింది. మీరు పెట్టిన ఫొటో మీద కాపీరైట్ కంప్లయింట్ ఉంది, 24 గంటల్లో అప్పీల్ చేసుకోకపోతే అకౌంట్ తీసేస్తాం అని. ఇన్‌స్టాగ్రామ్ బొమ్మ కూడా ఉంది. నిజంగానే ఆ వారం నేను వేరేవాళ్ల ఫొటో ఒకటి వాడాను. భయమేసి లింక్ నొక్కి పాస్‌వర్డ్ కొట్టాను. వెంటనే ఫోన్‌కి కోడ్ వచ్చింది. కోడ్ వచ్చిందంటే అసలుదేనని అదీ కొట్టేశాను. ఐదు నిమిషాల్లో అకౌంట్ నా చేతిలో లేదు.

చీరలు కట్టుకుని నేను దిగిన ఫొటోలు అందులో ఉన్నాయి కాబట్టి, ముఖం వీడియో తీసి పంపితే నాలుగు రోజులకు తిరిగి వచ్చింది. ఈలోపు వాడు నా పేరుతో స్టాక్ క్లియరెన్స్ అని పెట్టి, క్యూఆర్ కోడ్ పంపి ఇద్దరు కస్టమర్ల దగ్గర 1,800, 2,500 రూపాయలు లాగేశాడు. ఆ డబ్బు నేను కట్టాలా? మళ్లీ ఇలా జరగకుండా ఏం చేయాలి? నాకు అన్నింటికీ ఒకటే పాస్‌వర్డ్, మా బాబు పేరూ పుట్టిన సంవత్సరమూ. మా వారు "డిగ్రీ చదివావు, ఆ మాత్రం తెలియదా, మూసేయ్ ఆ గోల" అంటున్నారు. ఆయనకేమో మొన్న కాలనీ గ్రూప్‌లో బండి చలాన్ అంటూ ఒక ఫైల్ వచ్చింది, ఆదివారం తీరిగ్గా చూస్తానన్నారు. అది కూడా ఇలాంటిదేనా అని నా అనుమానం. నా పేరు వేయకండి.

సమాధానం: అమ్మా, ముందు మీ వారి మాట సంగతి చూద్దాం, ఎందుకంటే ఉత్తరం నిండా ఆ మాటే మిమ్మల్ని గుచ్చుతున్నట్టుంది.

ట్రాయ్ హంట్ అని ఆస్ట్రేలియాలో ఒకాయన ఉన్నారు. ఎవరి ఈమెయిల్, పాస్‌వర్డ్ ఏ దొంగతనంలో బయటపడ్డాయో వెతికి చూసుకునే వెబ్‌సైట్‌ను 2013లో మొదలుపెట్టిందీ, నడుపుతున్నదీ ఆయనే. ఇలాంటి మోసాల గురించి ఊరూరా తిరిగి పాఠాలు చెప్పే మనిషి. 2025 మార్చిలో లండన్‌లో ఉండగా ఆయనకు ఒక మెయిల్ వచ్చింది. ఒకేసారి వేలమందికి మెయిల్స్ పంపే మీ అకౌంట్ మీద ఫిర్యాదు వచ్చింది, పంపే సదుపాయం ఆపేశాం, చూసుకోండి అని. దూరప్రయాణం చేసి నిద్ర లేక ఉన్నారు. లింక్ నొక్కి పాస్‌వర్డ్ ఇచ్చారు, వచ్చిన కోడ్ కూడా ఇచ్చారు. నిమిషాల్లో ఆయన దగ్గరున్న సుమారు 16 వేల మంది ఈమెయిల్ చిరునామాల జాబితా దొంగల చేతికి పోయింది. దాచుకోకుండా అదే రోజు తనే రాసి అందరికీ చెప్పారు. మీకు వచ్చినదీ ఆయనకు వచ్చినదీ దాదాపు ఒకటే కథ. మీ వారికి ఈ పేరా చదివి వినిపించండి.

నా సంగతీ చెప్పేస్తాను. ముప్ఫై ఏళ్లు బ్యాంకు కౌంటర్‌లో కూర్చున్నదాన్ని. రిటైరయ్యాక ఒకసారి "పోయిన నెల బిల్లు అప్‌డేట్ కాలేదు, రాత్రి 9.30కి మీ కరెంటు తీసేస్తాం, ఈ ఆఫీసర్‌కి ఫోన్ చేయండి" అని మెసేజ్ వచ్చింది. ఇంట్లో చంటిపిల్ల, ఎండాకాలం. చేతులు వాటంతట అవే ఆ నంబరు నొక్కాయి. అవతలివాడు ఫోన్‌లో ఏదో యాప్ వేసుకోమన్నప్పుడు మా అమ్మాయి లాక్కుని కట్ చేసింది. లేకపోతే నేనూ మీలాగే ఎవరికో ఒక ఉత్తరం రాసుకునేదాన్ని.

కాబట్టి "ఇకనుంచి జాగ్రత్తగా ఉండండి" అనే సలహా నేను ఇవ్వను. జాగ్రత్త అనేది పగలు పదకొండు గంటలకు, కాఫీ తాగి కూర్చున్నప్పుడు ఉండే గుణం. వాళ్లు మెసేజ్ పంపేది మనం అలా ఉన్నప్పుడే అని ఏం లేదు. అన్నం కలిపిన చేతితో, నిద్రమత్తులో ఉన్నా మనవల్ల తప్పు జరగకుండా ఫోన్‌ని సర్దిపెట్టుకోవాలి. మిగతాదంతా దాని గురించే రాస్తాను.

అంతకంటే ముందు, ఆ కోడ్ దగ్గర మీరు ఎందుకు నమ్మారో తెలుసుకోవాలి. కోడ్ వచ్చింది కాబట్టి అసలుదే అనుకున్నానని రాశారు. నిజమేనమ్మా, కోడ్ అసలుదే. ఇన్‌స్టాగ్రామే పంపింది. మీరు దొంగ పేజీలో పాస్‌వర్డ్ కొట్టగానే, అది అవతల వాడికో, వాడు పెట్టిన ప్రోగ్రాముకో చేరింది. అదే క్షణంలో ఆ ప్రోగ్రాము అసలు ఇన్‌స్టాగ్రామ్ దగ్గరకు వెళ్లి మీ పేరు, మీ పాస్‌వర్డ్ కొట్టింది. ఇన్‌స్టాగ్రామ్‌కు అనుమానం వచ్చి, నిజంగా ఆవిడేనా అని మీ ఫోన్‌కి కోడ్ పంపింది. మీరు దాన్ని తెచ్చి దొంగ పేజీలో పోశారు. పాలవాడికి మనకీ మధ్య ఒకడు నిలబడి, ఇటు గిన్నె అటు, అటు పాలు ఇటు అందిస్తున్నట్టు నటిస్తూ మధ్యలో చెంబు నింపుకున్నట్టు. అందుకే కోడ్ రావడం దేనికీ రుజువు కాదు. మీరు లాగిన్ అవుదామని మీ అంతట మీరు యాప్ తెరిచి కూర్చున్నప్పుడు వచ్చే కోడ్ మీది. ఎవరో రమ్మంటే వెళ్లిన చోట అడిగే కోడ్ వాడిది.

ఇక్కడి నుంచే నా మొదటి అలవాటు వస్తుంది. మెసేజ్ చూపించిన దారిలో వెళ్లకండి, మీ దారిలో వెళ్లండి. కాపీరైట్ కంప్లయింట్ నిజమే అయి ఉండొచ్చు, వేరేవాళ్ల ఫొటో వాడానని మీరే అన్నారు కదా. ఆ మెసేజ్ అలాగే వదిలేసి, ఫోన్‌లో ఎప్పుడూ నొక్కే ఇన్‌స్టాగ్రామ్ బొమ్మే నొక్కి లోపలికి వెళ్లండి. నిజమైన గొడవ ఉంటే అక్కడే సెట్టింగ్స్‌లో అకౌంట్ స్టేటస్ అనే చోట కనిపిస్తుంది. ఈమెయిల్ వస్తే దానికీ ఒక పరీక్ష ఉంది. యాప్‌లో సెట్టింగ్స్, అకౌంట్స్ సెంటర్, పాస్‌వర్డ్ అండ్ సెక్యూరిటీ, అందులో రీసెంట్ ఈమెయిల్స్. ఇన్‌స్టాగ్రామ్ ఈమధ్య మీకు నిజంగా పంపిన మెయిల్స్ అన్నీ అక్కడ ఉంటాయి. అందులో లేని మెయిల్ ఇన్‌స్టాగ్రామ్ పంపింది కాదు. ఇక డీఎంలో, అంటే ఇన్‌స్టాగ్రామ్ లోపలే మెసేజ్‌గా వస్తే అసలు ఆలోచించనక్కర్లేదు. అకౌంట్ తీసేస్తామని ఇన్‌స్టాగ్రామ్ ఎవరికీ డీఎం చేయదు. ఎవడో ఒకడు తన ప్రొఫైల్ ఫొటోగా ఆ బొమ్మ పెట్టుకుని పంపుతాడు, అంతే.

బ్యాంకులకూ ఇదే. మన బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చిరునామాలోకి మారాలని రిజర్వు బ్యాంకు 2025 అక్టోబరు 31ని గడువుగా పెట్టింది. ఆ ముగింపును బ్యాంకులు కానివాళ్లకు ఇవ్వరు. కాబట్టి బ్యాంకు పేరుతో వచ్చిన చిరునామా అలా ముగియకపోతే పక్కన పెట్టేయడమే.

చిరునామా మాట వచ్చింది కాబట్టి అది చదవడం కూడా చెప్తాను, స్కూల్లో ఎవరూ నేర్పరు. మన పేర్లలో ఇంటిపేరు ముందు ఉంటుంది. వెబ్ చిరునామాలో ఇంటిపేరు చివర ఉంటుంది. మొదట్లో https:// ఉంటే వదిలేసి, ఆ తర్వాత మొదటి ఏటవాలు గీత (/) వచ్చేదాకా చదివి, అక్కడ ఆగి, వెనక్కి రెండు ముక్కలు చూడండి. ఇన్‌స్టాగ్రామ్ డాట్ కామ్ అని ఉంటే అది ఆ ఇంటి మనిషే. ఇన్‌స్టాగ్రామ్ డాట్ ఏదో-సపోర్ట్ డాట్ కామ్ అని ఉంటే ఇంటిపేరు "ఏదో-సపోర్ట్", ముందున్న ఇన్‌స్టాగ్రామ్ వాడు తనకు పెట్టుకున్న ముద్దుపేరు. డాట్ కో డాట్ ఇన్, డాట్ బ్యాంక్ డాట్ ఇన్ లాంటివి ఉంటే ఇంకో ముక్క వెనక్కి వెళ్లాలి. ఇది తెలుసుకోవడం మంచిదే గానీ దీని మీదే ఆధారపడొద్దు. ఫోన్‌లో చిరునామా సగమే కనిపిస్తుంది. ఇంగ్లిష్ ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఎమ్ లాగే ఉంటాయి, నా కళ్లజోడుతో అయితే తేడా అసలు తెలియదు.

మన కళ్లకు తెలియని తేడా ఫోన్‌కి తెలుస్తుంది. అసలు రక్షణ అక్కడే ఉంది. పాస్‌వర్డ్‌ను మీ బుర్రలో కాకుండా ఫోన్‌లో ఉండే పాస్‌వర్డ్ మేనేజర్‌లో దాచుకోండి. ఆండ్రాయిడ్‌లో గూగుల్‌దే ఉంటుంది, ఐఫోన్‌లో యాపిల్‌ది ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు. అది పాస్‌వర్డ్‌ను ఏ చిరునామాకైతే దాచిందో ఆ చిరునామాలోనే తనంతట తాను నింపుతుంది. దొంగ పేజీ ఎంత అచ్చుగుద్దినట్టున్నా కిమ్మనకుండా ఊరుకుంటుంది. అది నింపకపోతే, చేత్తో కొట్టాల్సి వస్తే, ఆగండి. ట్రాయ్ హంట్ విషయంలోనూ ఆ మేనేజర్ నింపలేదు. అది గమనించాల్సిన గుర్తని తర్వాత ఆయనే రాసుకున్నారు. నిద్రమత్తులో చేత్తో కొట్టేశారు.

దానికంటే గట్టిది పాస్‌కీ. మీ ఫోన్ తాళం ఎలా తీస్తారో, వేలిముద్రతోనో పిన్‌తోనో, అలాగే అకౌంట్ తెరుచుకుంటుంది. కొట్టడానికి పాస్‌వర్డ్ ఉండదు, చెప్పడానికి కోడ్ ఉండదు. పైగా అది అసలు చిరునామాతో ముడిపడి ఉంటుంది కాబట్టి దొంగ పేజీలో మీరు ఇద్దామనుకున్నా ఇవ్వలేరు. నాకు దీని మీద ఇంత అభిమానం అందుకే, మన బలహీనతను లెక్కలోకి తీసుకుని చేసిన వస్తువు ఇదొక్కటే అనిపిస్తుంది. గూగుల్ అకౌంట్లకు 2023 నుంచి ఉంది. గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీ అనే చోట పాస్‌కీస్ నొక్కితే రెండు నిమిషాల పని.

గూగుల్ దగ్గర ఎందుకు మొదలుపెట్టానంటే, మీ ఉత్తరంలో నన్ను నిజంగా భయపెట్టింది ఇన్‌స్టాగ్రామ్ కాదు. "అన్నింటికీ ఒకటే పాస్‌వర్డ్" అన్న వాక్యం. ఇన్‌స్టాగ్రామ్ పాస్‌వర్డ్ వాడికి దొరికిందంటే మీ జీమెయిల్ పాస్‌వర్డ్ కూడా దొరికినట్టే. జీమెయిల్ ఇంటి తాళాల గుత్తి లాంటిది. ఏ అకౌంట్ పాస్‌వర్డ్ మర్చిపోయానని చెప్పినా కొత్తది పెట్టుకునే లింక్ అక్కడికే వస్తుంది. అకౌంట్ తిరిగొచ్చిందని ఊపిరి పీల్చుకున్నారు గానీ, జీమెయిల్ పాస్‌వర్డ్ మార్చానని ఎక్కడా రాయలేదు. ఇది చదువుతూనే మార్చండి, తర్వాత మిగతా సమాధానం చదువుదురు.

మార్చాక గూగుల్ అకౌంట్ సెక్యూరిటీలోనే యువర్ డివైసెస్ అని ఉంటుంది, మీవి కాని ఫోన్లు, కంప్యూటర్లు ఉంటే బయటికి పంపేయండి. రికవరీ ఫోన్, రికవరీ ఈమెయిల్ మీవేనా చూడండి. మీవి కాకుండా మారి ఉండి, వారం దాటకపోతే పాత నంబరుతో ఇంకా వెనక్కి తెచ్చుకునే వీలుంటుంది. ఇంకొకటి చాలామంది చూడరు. కంప్యూటర్‌లో, అది లేకపోతే దగ్గర్లో తెలిసినవాళ్ల ల్యాప్‌టాప్‌లో జీమెయిల్ తెరిచి, సెట్టింగ్స్‌లో ఫిల్టర్స్, ఫార్వర్డింగ్ అనే రెండు చోట్ల చూడండి. మీకొచ్చే మెయిల్స్ కాపీ ఇంకెవరికో వెళ్లేలా దొంగ అక్కడ ఏర్పాటు చేసి వెళ్తే, పాస్‌వర్డ్ మార్చినా అది ఆగదు. ఫోన్ యాప్‌లో ఇవి కనిపించవు. పని అయ్యాక ఆ ల్యాప్‌టాప్ నుంచి లాగౌట్ కావడం మర్చిపోకండి.

కొత్త పాస్‌వర్డ్‌ను ఆ మేనేజర్‌నే తయారు చేయనివ్వండి. గుర్తుండాల్సింది ఒకటో రెండో ఉంటాయి, వాటికి ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు మాటలు కలపండి. గోంగూర, నిచ్చెన, ముప్పావు, ఆటోస్టాండ్, ఇలా. ఇవే వాడకండి, ఇప్పుడు అందరూ చదివేశారు. బాబు పేరూ పుట్టిన సంవత్సరమూ మాత్రం వద్దు. వాడి పుట్టినరోజు ఫొటోలు మీ అకౌంట్‌లోనే ఉండి ఉంటాయి, కొవ్వొత్తి అంకెతో సహా. కాగితం మీద రాసుకోకూడదని చెప్తారు కదా, నేను ఒప్పుకోను. ఒక చిన్న నోటుబుక్‌లో రాసి బీరువాలో పట్టాదారు పుస్తకం పక్కన పెట్టండి. ఎక్కడో కూర్చుని వేలమందికి మెసేజ్‌లు పంపేవాడు మీ బీరువా దగ్గరకు రాడు.

తర్వాత ఇన్‌స్టాగ్రామ్. అకౌంట్స్ సెంటర్‌లో మీ ప్రొఫైల్ పక్కన తెలియని ప్రొఫైల్ ఏదైనా చేరి ఉందేమో చూడండి, దొంగలు తమ అకౌంట్‌ను అక్కడ జతచేసి వెళ్తుంటారు. ఫోన్ నంబరు, ఈమెయిల్ కూడా చూడండి. లాగిన్ అయి ఉన్న పరికరాల జాబితాలో మీ ఫోన్ తప్ప అన్నీ తీసేయండి. రెండంచెల రక్షణను, అంటే పాస్‌వర్డ్ తర్వాత అడిగే కోడ్‌ని, ఎస్సెమ్మెస్ నుంచి ఆథెంటికేటర్ యాప్‌కి, అంటే ఫోన్‌లోనే కోడ్ తయారుచేసి చూపించే యాప్‌కి మార్చండి. ఆ యాప్ చూపించే కోడ్‌ని కూడా దొంగ పేజీలో కొడితే పోతుంది, ఆ భ్రమ వద్దు. సిమ్ పోయినా, మారినా ఇబ్బంది ఉండదని, అంతవరకే దాని మేలు. ఇన్‌స్టాగ్రామ్ బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది, అవీ నోటుబుక్‌లోకే. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ కూడా ఇదే పూటలో పెట్టేసుకోండి, మీ ఆర్డర్లు సగం అక్కడే కదా.

ఇప్పుడు మీ వెంట ఇంకో రకం వాళ్లు పడతారు. అకౌంట్ పోయిందని ఎక్కడైనా రాస్తే చాలు, "నాదీ పోయింది, ఫలానా ఆయన గంటలో తెప్పించాడు" అని కామెంట్లు వస్తాయి. ఆ ఆయనా, ఆ కామెంట్ పెట్టినవాళ్లూ ఒకే ముఠా. పోయిన డబ్బు తెప్పిస్తామనేవాళ్లూ అంతే. ఒక్క రూపాయి ఇవ్వకండి, ఒక్క కోడ్ చెప్పకండి.

కస్టమర్ల డబ్బు విషయం. ఫిర్యాదు వాళ్ల పేరుతోనే వెళ్లాలి, డబ్బు పోయింది వాళ్ల ఖాతాల నుంచి కాబట్టి. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, లేదా కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేయాలి. యూపీఐ యాప్‌లో ఆ చెల్లింపు తెరిస్తే యూటీఆర్ అని 12 అంకెలు ఉంటాయి, అది తప్పకుండా ఇవ్వాలి. 1930 పనిచేసేది వేగం మీద. ఫిర్యాదు అందగానే డబ్బు ఏ బ్యాంకుకు చేరిందో ఆ బ్యాంకుకు కబురు వెళ్లి, దొంగ ఇంకో ఖాతాలోకి మళ్లించేలోగా ఆపగలిగితే ఆగుతుంది. గంటలో చేసినదానికీ నెల తర్వాత చేసినదానికీ చాలా తేడా. ఇప్పటికే నెలైంది, ఆశ తక్కువే, అయినా చేయించండి. ఆ ఖాతా మీద ఇంకెవరిదో ఫిర్యాదు ఉండి అది ఇప్పటికే స్తంభించి ఉండొచ్చు. మీరు కూడా విడిగా ఫిర్యాదు ఇవ్వండి. మీ పాస్‌వర్డ్ దొంగిలించి వాడటం ఐటీ చట్టం 66సీ, మీ వేషంలో జనాన్ని మోసం చేయడం 66డీ. రెండింటికీ మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా ఉన్నాయి. దొంగ దొరక్కపోయినా, రేపు ఇంకెవరైనా మీరే మోసం చేశారంటే చూపించడానికి ఆ రసీదు మీ దగ్గర ఉంటుంది.

మరి మీరు కట్టాలా? ఇప్పుడే నగదు ఇవ్వకండి. రేపు బ్యాంకు నుంచి వెనక్కి వస్తే లెక్కలు చిక్కుపడతాయి. ఆ ఇద్దరికీ మీరే ఫోన్ చేసి, పక్కన కూర్చున్నట్టుగా ఫిర్యాదు రాయించండి. మూడు నెలలు చూసి రాకపోతే, వాళ్లు అడిగిన చీరలే మగ్గం ధరకు ఇవ్వండి. మీ లాభం వదులుకోవడం వరకు న్యాయం, మొత్తం భారం నెత్తిన వేసుకోవడం నా దృష్టిలో అక్కర్లేదు. వాళ్లు మీకు ఫోన్ చేసి అడగకుండా వేశారు, మీరు అకౌంట్ పోయిన సంగతి వాట్సాప్ స్టేటస్‌లో ఆ రాత్రే పెట్టి ఉండాల్సింది. తప్పు కొంచెం కొంచెం అందరిదీ ఉంది, దొంగది ఎక్కువ.

ఇకమీదట మీ ప్రొఫైల్‌లో పైనే ఒక వాక్యం ఉంచండి. "డబ్బు పంపేటప్పుడు బ్యాంకు పేరుగా ఫలానా పేరు కనిపించాలి, వేరే పేరు వస్తే పంపకండి." క్యూఆర్ స్కాన్ చేశాక పిన్ కొట్టేముందు యూపీఐ యాప్ ఆ పేరు చూపిస్తుంది. మీ ప్రొఫైల్ దొంగ చేతిలో ఉంటే ఆ వాక్యం మార్చేస్తాడు, అందుకని ప్రతి పార్సెల్‌లో చిన్న చీటీ మీద కూడా అదే అచ్చు వేసి పెట్టండి. పాత కస్టమర్లకు అదే గుర్తుంటుంది.

అకౌంట్ మూసేయమన్న మాట వదిలేయండి. పైవన్నీ ఒక ఆదివారం మధ్యాహ్నం పని. అదే ఆదివారం మీ వారు చూస్తానన్న ఆ చలాన్ ఫైల్ సంగతి కూడా తేల్చండి. దాని పేరు చివర ఏపీకే అని ఉంటే అది చలాన్ కాదు, ఫోన్‌లోకి దిగి, మీకు వచ్చే ఎస్సెమ్మెస్‌లన్నీ, ఓటీపీలతో సహా, దొంగకు చేరవేసే యాప్. పెళ్లి శుభలేఖ అని, పీఎం కిసాన్ అని కూడా ఇదే ఫైల్ పేరు మార్చి తిప్పుతున్నారు. నిజంగా చలాన్ ఉందేమో పోలీసుల ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో బండి నంబరు కొట్టి చూసుకోమనండి. ఫైల్ ఇంకా డౌన్‌లోడ్స్‌లోనే ఉంటే తెరవకుండా తీసేయమనండి. ఒకవేళ ఇప్పటికే నొక్కేసి ఉంటే, ముందు డేటా, వైఫై ఆపి, ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు ఫోన్ చేయాలి. డిగ్రీ గురించి మీరేమీ అనకండి.